ఒప్పుకోని బొటనవేలు

కాక పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్ల కాలేజీలో పాఠం చెబుతున్నాను. బోర్డు మీద కండరం బొమ్మ సగమే గీశాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, సుద్దపొడి అంటిన బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానితో ఒకటి రుద్దుతూ నిలబడి ఉన్నాను. ఆ అలవాటు నాది కాదు, ఆయనది. మిగతా బొమ్మ తర్వాత గీస్తానని పిల్లలకు చెప్పి సిరిసిల్ల బస్సెక్కాను.

వెళ్లేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఒక పెద్దమనిషి, ఒక చేయి చచ్చినా పాపం ఇన్నేళ్లు బతుకీడ్చాడని పక్కాయనతో అంటున్నాడు. పక్కాయన తలాడించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే అడిగేదాన్ని, ఎప్పుడు చచ్చింది, మీరు చూశారా అని. ఆ చేయి చావలేదు. ఆ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అందరికంటే ఆ బాకీ నా మీదే ఎక్కువ ఉంది.

కాక మాకు చుట్టం కాదు. మా అమ్మవాళ్ల ఇంటికీ ఆయన ఇంటికీ ఒకటే గోడ. నాన్న కంటే చిన్నవాడు కనుక కాక అయ్యాడు, ఆయన భార్య చిన్నమ్మ అయింది. ఆయన పని పోగులు అతకడం. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచ మీద బీము, అంటే నూలు చుట్టిన దిమ్మె, అయిపోవస్తే కొత్త బీము ఎక్కిస్తారు. అప్పుడు పాత బీము చివర మిగిలిన పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. అతికేవాడు సాంచ వెనక ఇరుకులో పీట వేసుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగునూ కొత్త పోగునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పుతాడు. ముడి ఉండదు. ముడి పడితే ముందున్న సన్నటి సందుల్లోంచి పోగు దూరదు, తెగుతుంది. మెలి ఒక్కటే ఆ రెండింటినీ ఒకటి చేస్తుంది.

ఆయన బూడిద ఒక పాత జర్దా డబ్బాలో ఉండేది. పిడకల బూడిదను పలుచటి గుడ్డలో వేసి చిన్నమ్మ చేత జల్లించేవాడు. ఒక్క ఇసుక రేణువు తగిలినా మళ్లీ జల్లించమనేవాడు. చిన్నమ్మ ఇంట్లో బియ్యం జల్లించడానికి బద్ధకించేది గానీ బూడిద దగ్గర మాత్రం ఎప్పుడూ మాట పడలేదు.

ఎవరు కనబడినా వాళ్ల చొక్కా అంచో చీర కొంగో వేళ్ల మధ్య పెట్టి రుద్ది చూసేవాడు. ముందు గుడ్డను పలకరించి తర్వాత మనిషిని పలకరించేవాడన్నమాట. ఒకసారి ఓట్లడగడానికి ఒక నాయకుడు మా వాడకు వచ్చి దండం పెడితే, కాక ఆయన మెడలో కండువా కొస పట్టుకుని రుద్ది, ఇది మన సాంచల మీద దిగింది కాదని చెప్పాడు. వెనక ఉన్నవాళ్లు నవ్వారు. నాయకుడు కూడా నవ్వక తప్పలేదు.

సాంచల షెడ్డులో మాట వినిపించదు. అందుకని అక్కడివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. కాక అయితే ఇంట్లో కూడా అంతే. చెవులు సగం షెడ్డులోనే వదిలేసి వచ్చిన మనిషి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చటుక్కున విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటివైపు వంచితే చాయ్. అదే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపిస్తే షెడ్డు యజమాని సేటు వస్తున్నాడని. ఆ వేలికి ఎన్ని మాటలు వచ్చో అది పడిపోయిన తర్వాత గానీ మాకు తెలియలేదు.

నోటితో అనే మాట ఒక్కటుండేది. ఫలానాది కుదరదని, ఫలానాది వద్దని ఎవరు చెప్పినా, "ఎవలన్నరు?" అనేవాడు. కోపంగా కాదు. ఆ అన్నవాళ్లెవరో చెబితే ఇప్పుడే వెళ్లి కనుక్కుని వస్తానన్నంత నింపాదిగా అడిగేవాడు. షుగరున్నవాళ్లు మామిడిపండు తినకూడదని చిన్నమ్మ అంటే ఎవలన్నరు. ఈ ముహూర్తం బాగాలేదని అయ్యగారంటే ఎవలన్నరు. చాలామంది దగ్గర దానికి జవాబుండేది కాదు.

ఒక వానాకాలం షెడ్డులో కప్పు కారి నేల తడిసింది. కాలు జారి, పట్టు దొరకక, ఆయన కుడిచేయి కిటికీ అద్దంలోంచి బయటికి పోయింది. మోచేతికి కాస్త కింద తెగింది. దగ్గర్లో కట్టు కట్టే ఒకాయన చర్మం కుట్టి పంపాడు. నెత్తురు ఆగింది, పుండు మానింది. బొటనవేలు మాత్రం లేవలేదు. నాలుగు నెలలు బలానికి మాత్రలు మింగాక గానీ లోపల నరం తెగిందని ఎవరికీ తట్టలేదు. హైదరాబాదు తీసుకుపోతే, కాలి నుంచి ఒక నరం ముక్క తీసి మధ్యలో పెట్టి, తెగిన రెండు కొసలనూ దానికి కలిపారు.

ఆపరేషను చేసిన డాక్టరును కాక అడిగిన ప్రశ్న మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పోగుకు పోగు చూసి అతికినవా సారూ అని అడిగాడు. లోపల వేల పోగులుంటాయి, అన్నీ చూసి కలపడం ఎవరివల్లా కాదు, మూతులు దగ్గర పెడతాం, దారి అవే వెతుక్కుంటాయి అని ఆయన ఓపిగ్గా చెప్పాడట. కాకకు ఇది బొత్తిగా నచ్చలేదు. తాను అలా అతికితే సేటు ఆ రోజే వెళ్లగొడతాడని ఇంటికొచ్చి నాతో అన్నాడు.

నాతో అనడానికి కారణం ఉంది. నా చదువు సరిగ్గా ఆ విషయం మీదే. ఎలుక కాలికి పోయే నరం కోసి, ఆ తర్వాత ఆ కండలో ఏ ఎంజైముల జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి మూగబోయాయో చూడడం అయిదేళ్లు నా పని. అదంతా రాసిన పుస్తకానికి డాక్టరేటు వచ్చింది. ఆ డాక్టరేటు తలుపు మీద పేరు ముందు వేసుకోవడానికీ, పెళ్లిళ్లలో పదిమంది ముందు మాట్లాడడానికీ పనికొచ్చింది. ఇంటి గోడ అవతలే ఒక నరం తెగిన చేయి వస్తుందని ఎవరనుకుంటారు?

ఒక ఆదివారం గోడకు అటు ఆయన, ఇటు నేను నిలబడి ఉంటే, తన చేతిలో ఏమవుతుందో విప్పి చెప్పమన్నాడు. చెప్పాను. నరం కండకు కదలమని మాత్రమే చెప్పదు. ఏ ఎంజైము ఎంత తయారుచేసుకోవాలో కూడా ఆ రాకపోకలను బట్టే కండ కణానికి తెలుస్తుంది. నరం తెగాక, చక్కెరను కరిగించి శక్తి తీసే ఎంజైముల జన్యువులు నెమ్మదిస్తాయి. నరం పంపిన కబురును ఎప్పటికప్పుడు తుడిచి, తర్వాతి కబురుకు చోటు చేసే ఎంజైము ఒకటుంది, దాని తయారీ పడిపోతుంది. కబురే రాకపోతే తుడిచేదేముంది. ఇంకోపక్క, కండలోని ప్రొటీన్లను విప్పేసే ఎంజైముల జన్యువులు లేచి కూర్చుంటాయి. కండ తనను తానే ఊడదీసుకోవడం మొదలుపెడుతుంది.

కాక ఎడమచేత్తో కుడిచేతి బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ విన్నాడు. బొటనవేలి కింద కండ అప్పటికే దిగిపోయి, అరచేయి అక్కడ సొట్టబడి ఉంది.

"ఆగిన సాంచ కత గదా బిడ్డ ఇది," అన్నాడు. "నడువని సాంచ సామాను మెల్లగ ఒక్కొక్కటే ఊడి పక్క సాంచకు పోతది. దానికి కావలుండాలె, గంతే."

ఇంకో సంగతి కూడా చెప్పాను. నరం చెప్పేది వినే గ్రాహకాలు మామూలుగా నరం ఆనుకునే ఒక్క చోటే ఉంటాయి. నరం పోయాక కండ తన పొడవునా వాటిని మొలిపించుకుంటుంది. అవీ పెద్దవాళ్ల రకం కాదు, కడుపులో బిడ్డగా ఉన్నప్పటి రకం. ఇది వినగానే కాక చేయి ఆడించడం ఆపేశాడు.

"అంటే ఒళ్లంత చెవులు జేసుకొని కూసున్నదన్నట్టు," అన్నాడు. "సచ్చినోడు గట్ల వినడు."

నా పుస్తకంలో ఆ గ్రాహకాల మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో ఎక్కడా ఈ మాట లేదు. అప్పటికి నాకది ముచ్చటగా మాత్రమే అనిపించింది. చదువుకున్నదాన్ని కాబట్టి గడువు కూడా చెప్పాను. నరం రోజుకు ఆవగింజంత కూడా పెరగదనీ, ఏడాదీ ఏడాదిన్నర లోపల అది కండను చేరకపోతే ఇక చేరినా లాభం ఉండదనీ.

"ఎవలన్నరు?"

పుస్తకాల్లో ఉందన్నాను. నా పుస్తకంలో కూడా ఉందన్నాను.

"నీ పుస్తకంల ఎలుకకు పనున్నదా?" అని అడిగాడు. పనేమిటి కాకా, పంజరంలో పడి ఉంటుంది అన్నాను. "మరి దాని ముచ్చట నాకెందుకు?" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను జగిత్యాలలో ఉంటూ కోరుట్లకు వచ్చిపోతుంటాను. జగిత్యాలలో నాకు తెలిసిన ఫిజియోథెరపీ ఆయన దగ్గర కండకు కరెంటు పెట్టే యంత్రం ఉందంటే, కాక వారానికి మూడుసార్లు వేములవాడ మీదుగా బస్సులు మారి రావడం మొదలుపెట్టాడు. కరెంటు పెట్టినప్పుడల్లా బొటనవేలు ఎగిరి పడేది. అది ఆయన ఎగరేసింది కాదు. అయినా దాన్ని పని నేర్చుకుంటున్న కొత్త మనిషిని చూసినట్టు కళ్లార్పకుండా చూసేవాడు. ఇంటిదగ్గర పొద్దున్నే ఎండలో పీట వేసుకుని, ఒళ్లో చేయి పెట్టుకుని, దానికి పని చెప్పేవాడు. నోటితో కాదు. కళ్లు మూసుకుని, మనసులో ఒక పోగు పట్టుకుని, మెలి తిప్పమని. చిన్నమ్మ నన్ను చూసి కణత దగ్గర వేలు తిప్పి నవ్వేది, కానీ ఆయన కూర్చున్నంతసేపూ పిలిచేది కాదు.

ఇలా ఏడాది దాటింది. వేలు లేవలేదు. ఇక్కడే నేను చేసిన పని ఒకటుంది.

ఒక పెళ్లిలో ఆ షెడ్డు సేటు కలిశాడు. కాక తిరిగి వస్తాడని అప్పటిదాకా వేరే మనిషిని రోజువారీగా పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. మేడం, మీరు అదే చదివారట కదా, ఆ చేయి వస్తుందా రాదా చెప్పండి అన్నాడు. నలుగురూ నావైపు చూస్తున్నారు. నేను నా డాక్టరేటును పట్టుచీరలాగా సవరించుకుని, ఏడాది దాటింది కదా, ఆ కండ ఇక చచ్చినట్టే అన్నాను. చచ్చిన చేయి అన్న మాట మా వాడలో అలా పుట్టింది. షామియానా కింద ఆ పెద్దమనిషి అన్నది నా మాటే. నా ఒళ్లు మండింది అందుకు.

కాక ఆ మాట వినకముందే ఒక సాహసం చేశాడు. ఎవరికీ చెప్పకుండా సేటును బతిమాలి, మూలన ఉన్న సాంచ మీద ఒక బీము ఎడమచేత్తో అతికాడు. రెండు రోజుల పని అయిదు రోజులు పట్టింది. ఆరో రోజు సాంచ ఆన్ చేస్తే పోగులు వరసలు వరసలుగా విడిపోయాయి. ముప్పై ఏళ్లలో ఆయన అతుకు ఊడడం అదే మొదటిసారి. సేటు సాంచ ఆపి, చేయి చచ్చిందని మీ మేడమే చెప్పింది, ఇక ఇంట్లో కూర్చో అన్నాడు.

తర్వాత రెండు వారాలు కాక జగిత్యాల రాలేదు. పొద్దున ఎండలో పీట వేయలేదు. గోడ దగ్గరికి నేను వెళితే లోపలికి వెళ్లేవాడు. చిన్నమ్మ నాతో మాట్లాడింది గానీ కళ్లలోకి చూడలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ వినిపించే ఎవలన్నరు అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, ఆ జవాబు నేను. ఇంతకంటే సిగ్గుచేటు నా బతుకులో ఇంకోటి లేదు.

మూడో వారం ఒక మధ్యాహ్నం కోరుట్ల కాలేజీలో మా ల్యాబు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. కుడిచేయి తువ్వాలలో చుట్టి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సచ్చిన కండ చూపెట్టు బిడ్డ," అన్నాడు. "ఎట్లుంటదో చూస్త. చూసి ఇంటికి పోత."

నా పాత స్లైడ్ల పెట్టె బీరువాలోనే ఉంది. మూడు తీశాను. ఒకటి మామూలు కండ. రెండోది నరం కోసింది. మూడోది, నరం కోసి రోజూ కాసేపు కరెంటు పెట్టింది. ఏది ఏదో చెప్పకుండా ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టాను. కన్ను ఎలా ఆనించాలో చూపించబోయాను. ఆయన నా చేయి పక్కకు తోశాడు. గుడ్డలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ముప్పై ఏళ్లుగా ఆయన జేబులో ఉంది మరి.

మొదటి దాన్ని చూసి ఇది మంచి సరుకు అన్నాడు. కండ పోగుల మీద అడ్డంగా ఉండే సన్నటి గీతలు చూసి మురిశాడు. రెండోదాని దగ్గర చాలాసేపు ఉన్నాడు. ఎడమచేత్తో స్లైడును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. బయట పిల్లలు గంట కొట్టాక గోల చేసుకుంటూ పోతున్నారు. ఆయనకు ఎలాగూ వినిపించదు.

"సన్నబడ్డది," అన్నాడు చివరికి. "తెగలే. ఒక్క పోగు తెగలే. సన్నబడ్డ పోగును నేను దినాం అతుకుత. దీన్ని పట్టుకొని సచ్చిందని ఎట్లన్నవ్?"

నేను వంగి చూశాను. ఆ స్లైడును నేనే కోశాను, నేనే రంగు వేశాను, వందసార్లు చూశాను. నిజమే. అన్ని పోగులూ ఉన్నాయి. సన్నగా ఉన్నాయి, కానీ ఉన్నాయి. 

మూడోది పెట్టాను. చూడగానే, దీనికేదో పని పెట్టారు అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, ఆగిన సాంచ కాదు ఇది, నడిచిన సాంచ అన్నాడు. ఆ ఎలుకల గురించి నా పుస్తకంలో ఒక్క పేరా ఉంది. నరం తిరిగి రాకపోయినా, కరెంటు పెట్టిన కండలో ఎంజైముల జన్యువులు కొన్ని మళ్లీ లేచాయనీ, ఆ మెరుగు పాక్షికమేననీ రాశాను. కండ నరాన్ని మాత్రమే నమ్ముకుని లేదు, పనిని కూడా నమ్ముకుని ఉంది అన్న సంగతి నా చేతుల్లోనే దొరికితే, దాన్ని పాక్షికం అనే ఒక్క మాట కింద పాతిపెట్టాను. కాకకు అది చెప్పాను. సగమే వచ్చింది కాకా అన్నాను.

"సగం లేదని రాసినవా, సగం ఉన్నదని రాసినవా?"

నా బ్యాగు తీసుకుని, మిగతా క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి, ఆయనతో పాటే సిరిసిల్ల బస్సెక్కాను. దారిపొడుగునా ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎడమచేతి బొటనవేలిని చూపుడువేలి మీద ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ రుద్దుతూనే ఉన్నాడు. వేములవాడ దాటాక నావైపు తిరిగి, అతుకులు ఎందుకు ఊడాయో చెప్పాడు. నూలు పోగుకు దాని మెలి దానికుంటుంది. కుడిచేయి ఆ మెలి వైపే తిప్పుతుంది. ఎడమచేయి అద్దంలో బొమ్మలాగా ఎదురు తిప్పుతుంది. అతుకుతున్నానని ఆయన అయిదు రోజులు పోగుల మెలి విప్పుతూ కూర్చున్నాడన్నమాట. ఎడమచేత్తో అతకాలంటే వేలు వెనక్కి తిప్పాలి. తిప్పవచ్చు. కాకపోతే అతికిన చోట మిగిలే చిన్న పోగు తోక కుడివైపు కాకుండా ఎడమవైపు పడుకుంటుంది, దానికేం నష్టం లేదు.

షెడ్డులో సాంచలన్నీ నడుస్తున్నాయి. సేటుకు నా మాట వినపడక చెవి దగ్గర చేయి పెట్టాడు. నేను అరిచాను. పెళ్లిలో నేను చెప్పింది తప్పని, తెలియక కాదు పొగరుతో అన్నానని, ఆ కండ చావలేదని. మూడోసారి అరిచేసరికి చుట్టుపక్కల సాంచలు ఆపి అందరూ చూస్తున్నారు. నా గొంతు ఆ నిశ్శబ్దంలో నాకే వింతగా వినపడింది.

"అయితే ఇప్పుడేమంటరు మేడం, చెయ్యి అస్తదా?" అన్నాడు సేటు.

తెలియదన్నాను. చావలేదని మాత్రం తెలుసన్నాను. సేటు చెడ్డవాడు కాదు, తన సాంచలు నడవాలి అంతే. మూలన ఉన్న ఆ పాత సాంచ ఒక్కటి కాకకు వదిలేస్తానన్నాడు. మళ్లీ ఊడితే మాత్రం మేడం చెప్పినా వినేది లేదన్నాడు.

మళ్లీ ఊడలేదు. వెనక్కి తిప్పే మెలి ఎడమచేతికి పట్టుబడడానికి నాలుగు బీములు పట్టింది. జగిత్యాల బస్సు మళ్లీ మొదలైంది, పొద్దున ఎండలో పీట మళ్లీ పడింది.

నేను చెప్పిన గడువు ఇంకా కొన్ని వారాలు ఉందనగా, ఒక ఆదివారం పొద్దున గోడ అవతలి నుంచి డబ్బా మీద తాటించిన చప్పుడైంది. ఆయన నన్ను పిలవడం అలాగే. వెళ్లి చూస్తే పీట మీద ఉన్నాడు. కుడిచేయి ఒళ్లో వెల్లకిలా ఉంది. చూడమన్నట్టు గడ్డంతో చూపించాడు. కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు కదిలింది. నువ్వుగింజంత. ఆగి, మళ్లీ కదిలింది. కరెంటు లేదు, తీగ లేదు. నేను గోడ పట్టుకుని ఏడ్చాను. ఆయన ఏడవలేదు, నవ్వలేదు. స్పర్శ తెలుస్తుందేమో పరీక్ష చేయమన్నాడు. బొటనవేలి కొస ముట్టుకున్నాను. ఏ వేలని అడిగితే నడిమి వేలు అన్నాడు. కళ్లు తెరిచి నేను పట్టుకున్న వేలు చూశాక, హైదరాబాదు డాక్టరు మీద ఆయన అనుమానం నిజమైంది.

"పోగులు తప్పు అతికిండు సారు," అన్నాడు. "అయితేంది. గుడ్డ దిగదని ఎవలన్నరు?"

ఆ రోజు నుంచి ఆయనకొక నియమం ఏర్పడింది. బీము మొత్తం ఎడమచేయి అతుకుతుంది. చివరి పోగు ఒక్కటి మాత్రం కుడిచేతిది. ఆ ఒక్క పోగుకు మొదట్లో పావుగంట పట్టేదట. తక్కినవాళ్లు చాయ్ తాగివచ్చినా ఆయన ఇంకా అక్కడే ఉండేవాడు. సేటు విసుక్కుంటే, బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించేవాడు. సేటు వస్తున్నాడన్న పాత సైగే, సేటు ఎదుటే చేసేవాడు. వంకరగా, సగమే లేచేది ఆ వేలు. షెడ్డంతా నవ్వేదట. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లకు తెలిసింది ఇంతే. ఎడమచేత్తో బతికాడనీ, చివరి పోగు పంతానికి కుడిచేత్తో అతికేవాడనీ. పంతానికే అని నేను కూడా అనుకున్నాను.

గుండె ఆగి నిద్రలో పోయాడు. ఆ ముందురోజు కూడా షెడ్డుకు వెళ్లాడు.

మూడో రోజు చిన్నమ్మ, ఆయన బూడిద డబ్బా షెడ్డులోనే ఉండిపోయిందనీ, తాను ఇల్లు కదలకూడదు కనుక నన్ను తెచ్చిపెట్టమనీ అడిగింది. వెళ్లాను. మూలన ఆ సాంచ ఆగి ఉంది. దాని వెనక కాక సగం అతికిన బీము అలాగే ఉంది. మిగతా సగం అతకడానికి సేటు ఎక్కడి నుంచో కొత్త మనిషిని పిలిపించాడు. ఆయనకు కాక ఎవరో తెలియదు. అప్పుడే పీట మీద కూర్చుని, అతికిన పోగుల మీద అరచేయి ఆనించి, ఈ కొస నుంచి జరుపుకుంటూ వస్తున్నాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. వెనక్కి పోయి మళ్లీ అక్కడికే వచ్చాడు. తల వంచి దగ్గరగా చూశాడు.

అక్కడే దొరికిన డబ్బా చేత్తో పట్టుకుని నేనూ వంగి చూశాను. కొసన నాలుగు వేళ్ల వెడల్పు దాకా అతుకుల తోకలన్నీ ఎడమకు పడుకుని ఉన్నాయి. అక్కడి నుంచి, కాక ఆపిన చోటు దాకా, జానెడున్నర మేర, ఒక్కటి తప్పకుండా అన్నీ కుడిచేతి అతుకుల్లాగా కుడికి ఉన్నాయి.

కొత్త మనిషి తలెత్తి సేటును అడిగాడు. "దీన్ని ఇద్దరు అతికిన్రా? ఇద్దరు మంచి పనోళ్లే."

సేటు పెళ్లిలో అడిగిననాడు చూసినట్టే నావైపు చూశాడు.

"ఒక్కడే," అన్నాను. "రెండు చేతులతోటి."

కొత్త మనిషి నా చేతిలో ఉన్న డబ్బా కోసం చేయి చాపాడు. మూత తీసి ఇచ్చాను. ఆయన బూడిద అద్దుకుని, కాక ఆపిన చోట తర్వాతి పోగు అందుకున్నాడు.